టీ-వన్ జట్టు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

ఎలక్ట్రానిక్ క్రీడ అనగానే మన పెద్దలలో అనేకులకు స్ఫురించునది పందెపుటాట. సెల్‌ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన కుటుంబములను కన్నులార చూచిన ప్రాంతము మనది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను అట్టి ఆటలను నిషేధించుట ఊరక జరిగినది కాదు. కావున ఆ భయము నిరాధారమని నేననజాలను. కాని ధనమును పణముగా ఒడ్డి ఆడు ఆట వేఱు, శిక్షణ పొందిన జట్లు నియమబద్ధముగా తలపడు ఈ-స్పోర్ట్స్ వేఱు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము సైతము మొదటిదానిని నిషేధించి, రెండవదానిని క్రీడగా గుర్తించినది. ఈ రెండవదాని స్వరూపమెట్టిదో తెలియగోరువారు దక్షిణ కొరియా రాజధానియగు సియోల్‌లోని టీ-వన్ సంస్థ చరిత్రను పరిశీలించుట మేలు. అంతటి కీర్తి గడించిన జట్లు ప్రపంచమున అరుదు, ఆ కీర్తి వెంట అపోహలును తక్కువగా పుట్టలేదు.

ఈ సంస్థ 'ఫేకర్' అను మారుపేర విశ్వవిఖ్యాతుడైన లీ సాంగ్-హ్యోక్‌తోనే పుట్టెనని నేటి యువకులు తలంచుచుందురు. అతడు చేరినది 2013లో. అప్పటికే సంస్థకు తొమ్మిదేండ్లు నిండవచ్చినవి. 1997 నాటి ఆర్థిక సంక్షోభమునకు పిమ్మట కొరియా పట్టణములలో వీథివీథిని వెలసిన 'పీసీ బాంగ్' అను కంప్యూటరు కేంద్రములలో, 1998లో వెలువడిన స్టార్‌క్రాఫ్ట్ ఆట యువజనుల హృదయముల నాకర్షించి, తనకై ప్రత్యేకముగా టెలివిజన్ ఛానెళ్లనే సంపాదించుకొని, 'బాక్సర్' అను పేర ప్రసిద్ధుడైన లిమ్ యో-హ్వాన్ వంటివారిని ఇంటింట తెలిసిన కథానాయకులను గావించినది. 2002 చివర ఆ లిమ్, శిక్షకుడు జూ హూన్ కలసి నెలకొల్పిన చిన్న జట్టును 2004 ఏప్రిలులో ఎస్‌కే టెలికాం సంస్థ చేపట్టుటతో టీ-వన్ జన్మించెను. ఆ జూలైలోనే బూసాన్ నగరపు గ్వాంగల్లి సముద్రతీరమున జరిగిన ప్రోలీగ్ అను స్టార్‌క్రాఫ్ట్ జట్ల పోటీల తుదిపోటీని చూచుటకు లక్షమంది వచ్చిరని నాటి అంచనా. ఆ రాత్రి కొత్త జట్టు హాన్‌బిట్ స్టార్స్ చేతిలో ఓడిపోయెను. నేడు టీ-వన్‌కు పేరు తెచ్చిన, ఐదుగురేసి ఆటగాండ్ల జట్లు తలపడు లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను ఆట విభాగము 2012 డిసెంబరులో గాని ఏర్పడలేదు. మూలమైన స్టార్‌క్రాఫ్ట్ విభాగమో, 2016లో మూతపడెను.

కూర్చుండి మీటలు నొక్కువారికి శ్రమ యేమున్నదని అడుగువారు ఒక లీగ్ ఆఫ్ లెజెండ్స్ పోటీ ఆరంభమును చూడవలయును. ఆటకు ముందు ఇరుజట్లును వంతులవారీగా చెరి ఐదు పాత్రలను నిషేధించి, చెరి ఐదింటిని ఎన్నుకొనును. ఎదుటివారు దినములతరబడి సాధన చేసిన వ్యూహమును ఒక్క నిషేధముతో భగ్నము చేయుట ఇక్కడి విద్య. ఆ కొలది నిమిషములును శిక్షకుడు వ్రాతపుస్తకము చేతబట్టి ఆటగాండ్ల వెనుక నిలిచి మంతనమాడి, ఆపై వేదిక నడుమకు వచ్చి ప్రత్యర్థి శిక్షకునితో కరచాలనము చేసి నిష్క్రమించును. ఆ వ్రాతపుస్తకము వెనుక ఇతర జట్లతో ఆడిన అభ్యాసపు ఆటలును, వాటి దృశ్యములను మరల మరల చూచి తప్పులెంచిన రాత్రులును ఉన్నవి. ఈ శ్రమ దేహమును సైతము విడువదు: 2023 జూలైలో ఫేకర్ చేతినొప్పిచే కొన్ని వారములు ఆటకు దూరమయ్యెను.

అతడు లేని ఆ ఎనిమిది పోటీలలో టీ-వన్ గెలిచినది ఒక్కటే. ఇది ఏకవ్యక్తి జట్టని వాదించువారికి ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. దానిని దాచుటయు న్యాయము కాదు. అయితే 2013లో ప్రపంచవిజేతయైన ఈ జట్టు, అదే ఫేకర్ ఉండగా, 2014లో ప్రపంచపోటీలకు అర్హతనే పొందలేకపోయెను. 2015, 2016 సంవత్సరములలో వరుసగా గెలిచి, 2018లో మరల అర్హత కోల్పోయెను. ఒక్కని ప్రతిభయే చాలునేని ఈ పతనములకు హేతువు చెప్పుట దుష్కరము. 2023 నవంబరులో సియోల్‌లోని గోచోక్ స్కైడోమ్‌లో వైబో గేమింగ్‌పై 3-0తో గెలిచిన నాడు, తుదిపోటీలో శ్రేష్ఠుడని బిరుదందినవాడు ఫేకర్ కాడు, జ్యూస్. సంస్థ పుట్టిన 2004లోనే పుట్టిన బాలుడతడు! అతడును, ఓనర్, గుమాయూసీ అను మఱి యిద్దరును సంస్థ సొంత శిక్షణశాలలో తయారైనవారు. నా దృష్టిలో టీ-వన్ సాధించిన దానిలోకెల్ల గొప్పది ఇదే: ఒక మహాక్రీడాకారుని ప్రక్కన నిలువగల పిల్లలను తానే పెంచుకొనుట.

ఇక ధనము మాట. బహుమతులతోనే ఇట్టి సంస్థలు నడుచునని చాలమంది నమ్మిక. 2023 ప్రపంచపోటీల బహుమతి నిధి అంతయు 22,25,000 డాలర్లు. విజేతకు దక్కినది అందులో ఐదవ వంతు. ఆటగాండ్లకు, శిక్షకులకు, సిబ్బందికి ఏడాది పొడుగున జీతములిచ్చు సంస్థకు అది ఏ మూలకు చాలును? ప్రకటనదారుల సొమ్మును, లీగ్ ఆదాయమున వాటాయు, జెర్సీల అమ్మకమును, అన్నిటికి మించి యజమానుల పెట్టుబడియు దానిని నిలుపుచున్నవి. 2019లో అమెరికాకు చెందిన కామ్‌కాస్ట్ స్పెక్టకోర్ భాగస్వామిగా చేరెను. 2020లో ఫేకర్ తానే ఒక వాటాదారుడయ్యెను.

విజయపరంపరయే ఈ జట్టు చరిత్రయనుట కడపటి అపోహ. 2017లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచపోటీల తుదిపోటీలో 0-3తో ఓడి ఫేకర్ వేదికపైనే కన్నీరు పెట్టెను. 2022 వసంతకాలపు కొరియా లీగ్‌లో పదునెనిమిది పోటీలకు పదునెనిమిదియు గెలిచిన జట్టే, ఆ యేడు శాన్‌ఫ్రాన్సిస్కోలో డీఆర్ఎక్స్ చేతిలో 2-3తో ప్రపంచకిరీటమును జారవిడిచెను. ఇట్టి ఓటమి పిమ్మట జట్టును చెదరగొట్టుట ఈ రంగమున పరిపాటి. టీ-వన్ మాత్రము ఆ ఐదుగురిని అట్లే నిలుపుకొనెను. వారే 2023లో సియోల్‌లోను, 2024లో లండన్‌లోను గెలిచిరి. 2025లో చెంగ్డూ నగరమున కేటీ రోల్‌స్టర్‌ను 3-2తో ఓడించి వరుసగా మూడవమాఱు, మొత్తము మీద ఆఱవమాఱు ప్రపంచవిజేతయైన నాటికి జ్యూస్ వేఱొక జట్టునకు వెడలిపోగా, ఆ స్థానమున డోరాన్ అను ఆటగాడు ఆడుచుండెను.