కాంట్రాక్టు ఆర్డరు చేతికి వస్తే ముందు ఏం చూడాలి?

హోసూరు సిప్‌కాట్‌లో పని దొరికిందని కాగితం పట్టుకొని మన సంఘం ఆఫీసుకు వచ్చే పిల్లలు అడిగేది ఒకటే: "రెండేళ్లు చేస్తే పర్మినెంట్ అంటున్నారు, చేరమంటారా సార్?"

చేరండి. ఇంట్లో కూర్చోవడం కంటే మేలే. అయితే ఆ "రెండేళ్లు" అనే మాట ఎక్కడిదో తెలుసుకొని చేరండి.

తమిళనాడులో 1981 నాటి చట్టం ఒకటి ఉంది. పారిశ్రామిక సంస్థల్లో కార్మికులకు శాశ్వత హోదా కల్పించే చట్టం అది. 24 నెలల కాలంలో 480 రోజులు ఎడతెగని సర్వీసు ఉన్న కార్మికుణ్ణి పర్మినెంట్ చేయాలని అందులో ఉంది. అంటే సగటున నెలకు 20 రోజులు. బదిలీ, క్యాజువల్, టెంపరరీ అని ఏ పేరు పెట్టినా ఈ లెక్కలోకి వస్తారు. కట్టడం పనులకు మాత్రం ఇది వర్తించదు.

చిక్కంతా ఆర్డరు మీద ఎవరి పేరుందన్న దగ్గరే. గేటు మీద ఉండేది పెద్ద కంపెనీ పేరు, మీ కాగితం మీద ఉండేది కాంట్రాక్టరు పేరు. అప్పుడు "నేను ఈ కంపెనీ మనిషినే" అని మీరే రుజువు చేసుకోవాలి. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినా కార్మికులు వాళ్లంతట వాళ్లే కంపెనీ ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు ఉత్త బూటకమని తేలితే దారి వేరు. దానికి సాక్ష్యం కావాలి.

కాగితంలో "అప్రెంటిస్" అని ఉంటే ఇంకా జాగ్రత్త. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం మీరు శిక్షణార్థే, కార్మికుడు కాదు.

ఒక అబ్బాయి మూడేళ్లు ఒకే మెషీన్ దగ్గర పనిచేశాడు. మధ్యలో కాంట్రాక్టర్లు మారారు, పాత పేస్లిప్పులు పారేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి చేతిలో మిగిలింది ఒక్క గేటు పాసు. ముప్పై ఏళ్లు గుమాస్తాగా ఫైళ్లు కట్టిన నాకే ఏమీ తోచలేదు.

అందుకే పేస్లిప్పు, ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, షిఫ్టు చార్టు అన్నీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పీఎఫ్ పాస్‌బుక్కులో ఎవరి పేరుతో డబ్బు పడుతోందో నెలనెలా చూడండి. రోజుల లెక్క మీ డైరీలో మీరే రాసుకోండి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు తమిళ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. ఆదివారం పొద్దున సంఘానికి తెస్తే చదివి చెబుతాం. 480 రోజులు దాటాక అడిగినా కంపెనీ పలకకపోతే కార్మిక శాఖకు రాసే అర్జీ కూడా ఇక్కడే రాసిస్తాం.