రసీదు మీఁద సుంకము

శిస్తు చెల్లించి రసీదు పుచ్చుకొన్న రైతును కరణము మరల పిలిచి బాకీ కలదనినచో మన మేమందుము? బ్రిటనులో విహారయాత్రికులకు 2007లో ఇట్టి యనుభవమే కలిగెను. విమానయాత్రికుల సుంకమును ఆర్థికమంత్రి గార్డన్ బ్రౌన్ 2006 డిసెంబరులో రెట్టింపు చేసెను. సామాన్యతరగతిలో ఐరోపా యాత్రకు 5 పౌండ్లు 10 అయ్యెను. దూరదేశములకు 20 పౌండ్లు 40 అయ్యెను. ఫిబ్రవరి 1 మొదలు అమలు. విమానము, బస కలిపి మొత్తము ముందే చెల్లించినవారి ప్రయాణములకును మినహాయింపు లేదు. కొన్ని విమానసంస్థలు టిక్కెట్లు కొన్నవారిని మరల సొమ్మడిగినవి. ఇదంతయు వాతావరణ రక్షణకఁట! కొనివేసిన ప్రయాణమును సుంక మెట్లు మాన్పఁగలదు? యాత్రాసంస్థల చిక్కు వేఱు. ధరలో నూటికి రెండువంతుల వఱకు పెంపును తామే భరింపవలెనని 1992 నాటి నిబంధన. వారు న్యాయస్థానమున కెక్కిరి. హైకోర్టు 2007లోనే ఆ వ్యాజ్యమును కొట్టివేసెను.