నేల నేర్పే నృత్యం

రంగస్థలంపై నర్తకి పడిపోవడం మన సంప్రదాయ నాట్యంలో దోషం. సమకాలీన నృత్యంలో పడిపోవడం తొలి పాఠాలలో ఒకటి. ఈ భేదాన్ని గ్రహించని విద్యార్థి, ప్రారంభస్థాయి ప్రదర్శన పరీక్షకు ఎన్ని కదలికలు కంఠస్థం చేసినా ఫలితం అంతంతమాత్రమే.

ఈ నృత్యరీతికి మూలాలు ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికా, ఐరోపాలలో ఉన్నాయి. బ్యాలే నర్తకి మునివేళ్లపై నిలిచి, దేహానికి బరువే లేదన్న భ్రాంతిని కల్పిస్తుంది. ఆ భ్రాంతిని కాదని ఇసడోరా డంకన్ (1877-1927) పాదరక్షలు విడిచి నర్తించింది. వట్టికాళ్లతో ఆడటం మనకు వింత కాదు గాని, నాటి పాశ్చాత్య రంగస్థలానికి అది సాహసమే. అనంతరం మార్తా గ్రాహం (1894-1991) 1926లో న్యూయార్క్‌లో తన బృందాన్ని నెలకొల్పి, ఉచ్ఛ్వాస నిశ్వాసాలే పునాదిగా ఒక శిక్షణ పద్ధతిని నిర్మించింది.

ఆ పద్ధతికి సంకోచం, విమోచనం రెండు కళ్లు. ఊపిరి విడిచినప్పుడు పొత్తికడుపు కండరాలు లోనికి ముడుచుకొని, వెన్ను విల్లువలె వంగుతుంది. ఊపిరి తీసుకొన్నప్పుడు వెన్ను తిరిగి నిటారవుతుంది. వినడానికి ఇది సులువు. ఆచరణలో మాత్రం కొత్తవారు భుజాలు ముందుకు వాల్చి, తల వంచి, అదే సంకోచమనుకొంటారు. వంపు కటిభాగంలో పుట్టి వెన్నుపూసల వెంట పైకి పాకాలి. వెన్ను వంగుతూనే సాగాలి, కుంగిపోరాదు. 1930లో గ్రాహం ప్రదర్శించిన ‘లామెంటేషన్’ అనే నృత్యాన్ని గమనిస్తే దీని శక్తి అర్థమవుతుంది. సాగే వస్త్రంతో కుట్టిన గొట్టం వంటి దుస్తులలో ఒక బల్లపై కూర్చొనే ఆమె ఆ నృత్యాన్ని దాదాపు పూర్తిగా చేసింది. అక్కడ అడుగులు లేవు. దుఃఖంతో లోలోపల మెలితిరిగే దేహమే కనిపిస్తుంది.

పతనాన్ని పాఠంగా మలచినది డోరిస్ హంఫ్రీ (1895-1958). నిశ్చలంగా నిలబడటం ఒక కొస, నేలపై పడి ఉండటం మరొక కొస; నృత్యమంతా ఈ రెంటి నడుమనే జరుగుతుందని ఆమె భావన. దేహం సమతూకం తప్పేవరకు ఒరగాలి, బరువును వదలాలి, ఆ వేగంతోనే తిరిగి లేవాలి. విద్యార్థిని భయపెట్టే ఘట్టం ఇదే. భయంతో బిగుసుకొన్న దేహమే గాయపడుతుంది. కాబట్టి ముందుగా మోకాళ్లు వంచి నేలకు దగ్గరవడం నేర్పుతారు. మోకాలిచిప్ప నేలను తాకరాదు; పిక్క, తొడ, తుంటి పక్కభాగాలు వరుసగా నేలను చేరాలి. మణికట్టుపై బరువంతా మోపక చేతిని నేలపై జార్చాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఈ ఒక్క పాఠానికి కొన్ని వారాలు పట్టినా అవి వృథా కావు.

కూచిపూడి నేర్చిన విద్యార్థి ఈ తరగతికి వస్తే తొలిరోజులలో అవమానంగా తోచవచ్చు. ఏళ్ల తరబడి సాధించిన అర్ధమండలి స్థానంలో పాదాలు సమాంతరంగా నిలపమంటారు. చేతి వెంట చూపు, చూపు వెంట మనసు సాగడం అలవాటైన ముఖానికి భావాన్ని ప్రకటించవద్దంటారు. అయినా పాతవిద్య అడ్డంకి కాదు. ఆదితాళానికి అలవాటుపడిన చెవికి ఎనిమిది లెక్క కొత్తది కాదు. గజ్జెల సవ్వడి లేకపోవడమే కొత్త. చంద్రలేఖ (1928-2006) 1985లో రూపొందించిన ‘అంగిక’లో భరతనాట్యం, యోగం, కలరిపయట్టు ఒకచోట చేరాయి. సంప్రదాయాన్ని మరచిపోతేనే కొత్తది వస్తుందన్న వాదం ఆ ప్రదర్శన ముందు నిలవదు.

ఇక పరీక్ష సంగతి. నేలపై చేసే సాధనలు, నిలబడి చేసేవి, గది ఈ చివర నుండి ఆ చివరకు సాగే కదలికలు, ఆపై ఒక చిన్న నృత్యం ఇటువంటి పరీక్షలలో సాధారణంగా ఉంటాయి. కాలు ఎంత ఎత్తుకు లేచిందన్నది ఈ స్థాయిలో పెద్ద విషయం కాదు. మోకాలు వంగినప్పుడు పాదం వేళ్ల దిశలోనే ఉన్నదా, బరువు ఒక కాలి నుండి మరొక కాలికి నిజంగా మారిందా, ఒక కదలిక మరొకదానిలోకి తెగకుండా ప్రవహించిందా అన్నవే గమనించదగినవి. అడుగు తప్పినా ఆగక సాగిపోయేవాడు, తప్పును ముఖంలో చూపి ఆగిపోయేవాడికంటె మేలు. అద్దం ముందే సాధన చేసినవారికి పరీక్షగదిలో అద్దం లేకపోతే దిక్కుతోచదు. కనుక చివరి వారాలలో అద్దానికి వీపు పెట్టి సాధన చేయడం మంచిది.

సంగీతం ఆగిన తరువాత చివరి భంగిమలో కొన్ని క్షణాలు నిలవాలి. చాలామంది అక్కడే తొందరపడి నమస్కారానికి చేతులెత్తుతారు. అప్పటికి పరీక్షకుడి చూపు ఇంకా వారి మీదనే ఉంటుంది.