వార్తల్లో పదం: విషయ శీర్షిక

పుస్తకమో వ్యాసమో దేని గురించో తెలిపేందుకు లైబ్రరీలు ఒక నిర్ణీత జాబితా నుంచి ఎంచి తగిలించే పదమే విషయ శీర్షిక. ఒక వైద్యుడు ‘హార్ట్ ఎటాక్’ అని రాస్తాడు, మరొకరు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్’ అంటారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో ప్రవేశపెట్టిన ‘మెష్’ జాబితాలో రెండూ రెండో పేరు కిందికే చేరతాయి. నచ్చిన మాట టైప్ చేస్తే దొరుకుతుండగా ఇదంతా ఎందుకంటారు కొందరు. దొరికినవి కనిపిస్తాయి సరే, వేరే మాట వాడినందుకు జారిపోయినవి ఎన్నో తెలిసేదెలా? వైద్య పరిశోధనలో ఆ లోటు చిన్నది కాదు.

శీర్షికలు పాతబడతాయన్న విమర్శ ఇంతకంటే బలమైనది, నిజమైనది కూడా. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో ఉన్న ‘ఇల్లీగల్ ఏలియన్స్’ (అక్రమ విదేశీయులు) అనే శీర్షిక అవమానకరమని, దాన్ని మార్చాలని డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు 2014లో కోరారు. 2016లో లైబ్రరీ మార్పునకు సిద్ధపడినా చట్టసభలో వ్యతిరేకత ఎదురైంది. చివరికి 2021లో ‘నాన్‌సిటిజన్స్’, ‘ఇల్లీగల్ ఇమిగ్రేషన్’ దాని స్థానంలోకి వచ్చాయి. ఏడేళ్ల జాప్యం బాధాకరమే. అయినా జాబితా బహిరంగంగా ఉంది కాబట్టే విద్యార్థులు తప్పును వేలెత్తి చూపగలిగారు; సెర్చ్ ఇంజిన్ లోపలి పక్షపాతాన్ని అలా పట్టుకోవడం చాలా కష్టం. అయితే వెతికేటప్పుడు శీర్షికలొక్కటే చాలవు: కొత్త వ్యాసాలకు శీర్షిక ఆలస్యంగా అందవచ్చు కనుక ముందు మామూలు మాటలతో వెతికి, పనికొచ్చే వ్యాసం దొరికాక దాని శీర్షికలతో మళ్లీ వెతకాలి.