అంబాసిడర్‌ బ్రేకులకు అసలు భాగాలేవి?

తాతల నాటి అంబాసిడర్‌ను ముస్తాబు చేయించే వారిలో కొందరు రంగుపై చూపే శ్రద్ధ బ్రేకులపై చూపరు. ఉత్తరపారలో 2014లో తయారీ నిలిచిపోవడంతో అసలు విడిభాగాలు అరుదయ్యాయి. పేరు ఒక్కటే అయినా మోడల్‌ను బట్టి బ్రేకులు మారాయి. కొన్నింటికి ముందు చక్రాలకు డ్రమ్ముల స్థానంలో డిస్కులు వచ్చాయి. అందుచేత విప్పిన పాత వీల్‌ సిలిండర్‌ను దుకాణానికి తీసుకెళ్లి, లోపలి వ్యాసం కొలిపించి సరిచూసుకోవాలి. ముందు చక్రాల్లో కుడి, ఎడమ సిలిండర్ల వ్యాసాలు వేరైతే బ్రేకు తొక్కగానే కారు ఒక పక్కకు లాగుతుంది. సీలు విప్పని పాత డబ్బా దొరికిందని మురిసిపోనక్కర్లేదు. అందులోని రబ్బరు కప్పులు ఏళ్ల నిల్వతో గట్టిపడి ఉండవచ్చు. సిలిండర్‌ లోపల తుప్పు గుంతలు లేకుంటే దానిని వాడుకుని, కప్పులు మాత్రం కొత్తవే వేయించాలి. వాటిని కిరోసిన్‌తో కడగనీయరాదు. రబ్బరు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. బ్రేకు ఆయిల్‌తోనే శుభ్రపరచాలి.