పైపుకు గ్యారంటీ ఉంది, మనిషికో?

పొద్దున తొమ్మిది కాకముందే సికింద్రాబాద్ రాణీగంజ్ రోడ్డు ట్రాలీ ఆటోలతో నిండిపోతుంది. సీపీవీసీ పైపుల కట్టలు, సంచుల్లో ఎల్బోలు, టీలు, ఓ మూల ప్రెజర్ టెస్టింగ్ పంపు, వాటి మీదే సర్దుకుని కూర్చున్న ఇద్దరు హెల్పర్లు. అక్కడ సామాను కొనే ప్లంబింగ్ కాంట్రాక్టర్లు జాగ్రత్తపరులు. సొల్యూషన్ డబ్బా తిప్పి తేదీ చూస్తారు. పైపు మీద ఐఎస్‌ఐ గుర్తు వేలితో తడిమి చూస్తారు. కంపెనీ గ్యారంటీ ఎన్నేళ్లో అడిగి మరీ బిల్లు రాయిస్తారు. ఆ పైపుల మీద కూర్చున్న కుర్రాళ్లకు ఏదైనా అయితే ఎవరు చూస్తారని అడగండి, మాట మార్చేస్తారు. మారేడ్‌పల్లి నుంచి అల్వాల్ దాకా ఎక్కడ అపార్ట్‌మెంట్ లేస్తున్నా ఈ ప్రశ్నకు అవే జవాబులు వినిపిస్తాయి. వాటిలో చాలావరకు తప్పు. కొన్ని నమ్మితే ఇల్లు అమ్ముకోవలసి వస్తుంది.

అపోహ: "వాళ్లు రోజు కూలీలండీ. నా దగ్గర ఉద్యోగులు కారు."

వాస్తవం: చట్టం అలా చూడదు. మీ వ్యాపారం కోసం మీరు పనిలో పెట్టుకున్న మనిషికి పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాల్సింది మీరే. 1923 నాటి పరిహార చట్టంలో కాజువల్ కూలీలకు ఉన్న మినహాయింపును 2000లో చేసిన సవరణ తీసేసింది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. యజమాని బాధ్యత తగ్గలేదు సరికదా, పనికి వస్తూ పోతూ దారిలో జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, లెక్కలోకి వచ్చింది.

ఆ బాధ్యత ఎంతో రూపాయల్లో చూద్దాం. 30 ఏళ్ల ఫిట్టర్ ఐదో అంతస్తు డక్ట్‌లో పైపుకు క్లాంపు బిగిస్తూ జారి పడి చనిపోయాడనుకోండి. నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం పట్టికలో ఉన్న సంఖ్యతో గుణించాలి. ఈ లెక్కకు తీసుకునే జీతం 2020 జనవరి 3 నుంచి గరిష్ఠంగా నెలకు 15,000 రూపాయలు. 30 ఏళ్ల వయసుకు సంఖ్య 207.98. దాన్ని 7,500తో గుణిస్తే 15,59,850 రూపాయలు. ప్రాణం దక్కినా ఇక ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగం బదులు 60 శాతం తీసుకుంటారు. అది 18,71,820 రూపాయలు. నెల లోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా. ఆ జరిమానా బీమా కంపెనీ నెత్తిన పడదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. అంటే పాలసీ ఉన్నవాళ్లయినా ప్రమాదం సంగతి వెంటనే కంపెనీకి తెలపాలి.

అపోహ: "తాగి ఎక్కాడు, బెల్టు పెట్టుకోమంటే వినలేదు. తప్పు వాడిదే."

వాస్తవం: చిన్న దెబ్బల విషయంలో ఈ వాదనకు చట్టం చోటిచ్చింది. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ వాదన నిలవదు. పరిహారం ఇవ్వాల్సిందే.

అపోహ: "ఇంటివాళ్లతో మాట్లాడి సెటిల్ చేసుకున్నాం. కాగితం కూడా రాయించుకున్నాం."

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. శవాన్ని ఊరికి పంపే తొందర ఒకవైపు, అంబులెన్స్ డ్రైవరు హారన్ ఒకవైపు. ఏమీ తోచని భార్య చేతిలో రెండు మూడు లక్షలు పెట్టి వేలిముద్ర తీసుకుంటారు. పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెడతారు. అందరూ పని అయిపోయిందనుకుంటారు. అయిపోదు. మరణ పరిహారాన్ని కార్మిక శాఖలో దానికి నియమించిన అధికారి దగ్గర జమ చేయాలన్నది 1923 నుంచీ ఉన్న నియమం. ఇంటివాళ్ల చేతికి నేరుగా ఇచ్చినది పరిహారం కిందికే రాదు. మూడు నెలల జీతం మేరకు ఇచ్చిన అడ్వాన్సుకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ కుటుంబం తర్వాత దరఖాస్తు పెట్టుకుంటే మీరు మళ్లీ కట్టాలి. పెట్టుకోకపోతే 15 లక్షలు రావలసిన పిల్లలు రెండు లక్షలతో మిగిలిపోతారు. ఎటు చూసినా అన్యాయమే.

అపోహ: "సైటు బిల్డర్‌ది. ఆయన చూసుకుంటాడు."

వాస్తవం: బాధితుడు బిల్డర్‌ను అడగవచ్చు, బిల్డర్ కట్టాల్సి రావచ్చు. ఆపై ఆ డబ్బును మీ దగ్గర రాబట్టుకునే హక్కు ఆయనకుంది. మీ బిల్లులు, రిటెన్షన్ డబ్బు ఎటూ ఆయన చేతిలోనే ఉంటాయి. ఇదే సూత్రం మీకూ వర్తిస్తుంది. గోడ కటింగ్ పనిని మీరు ఇంకో మేస్త్రీకి ఇస్తే, అతని మనుషుల విషయంలో బిల్డర్ స్థానంలో ఉండేది మీరు.

ఈ బాధ్యత మోసేదే ఉద్యోగుల పరిహార పాలసీ. వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అనే పాత పేరుతో అడిగినా ఇస్తారు. తీసుకునేటప్పుడు మూడు సంగతులు పట్టి పట్టి చూడాలి. మొదటిది మనుషుల సంఖ్య, కూలి. ప్రీమియం తగ్గుతుందని ముగ్గురిని రాయించి ఆరుగురితో పని చేయిస్తే క్లెయిమ్ రోజున చిక్కు తప్పదు. రెండోది, సబ్ కాంట్రాక్టు మనుషులు పాలసీలో ఉన్నారా లేదా. మూడోది వైద్య ఖర్చులు. ఆసుపత్రి ఖర్చు భరించే బాధ్యత చట్టం యజమాని మీదే పెట్టినా, చాలా పాలసీల్లో అది విడిగా అడిగి చేర్పించుకోవాల్సిందే. ఏజెంటు నోటిమాట పనికిరాదు, పాలసీ కాగితంలో ఉండాలి.

అపోహ: "బ్యాంకులో 20 రూపాయల బీమా కట్టించాను, చాలు."

వాస్తవం: ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన మంచి పథకం. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు కూడా ప్లంబర్లకు ఇస్తారు. రెండూ తప్పకుండా చేయించండి. అయితే అవి కార్మికుడి సొంత హక్కులు. మీ 15 లక్షల బాధ్యతలో ఒక్క రూపాయి తగ్గించవు. ఈఎస్‌ఐ సంగతి వేరు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలో, 21,000 లోపు జీతం ఉండి ఈఎస్‌ఐ కింద నమోదైన మనిషికి పని ప్రమాదమైతే ఈఎస్‌ఐ సంస్థే చూస్తుంది.

అపోహ: "లీకేజీ వస్తే ఇన్సూరెన్స్ కట్టిస్తాను."

వాస్తవం: నాలుగో అంతస్తు బాత్రూంలో జాయింటు ఊడిందనుకోండి. రాత్రంతా కారిన నీళ్లకు మూడో అంతస్తులో ఫాల్స్ సీలింగ్ కూలి, వార్డ్‌రోబ్ ఉబ్బిపోయింది. మీకు పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటే వార్డ్‌రోబ్, సీలింగ్ నష్టం అడగవచ్చు. ఆ జాయింటు మళ్లీ వేయడం, టైల్స్ పగలగొట్టి అతికించడం మాత్రం మీ జేబు ఖర్చే. నాసి పనిని సరిచేసే బాధ్యత ఏ కంపెనీ తీసుకోదు. పని అప్పగించాక జరిగే నష్టానికి రక్షణ కావాలంటే అది కూడా పాలసీలో ప్రత్యేకంగా ఉండాలి. రెరా చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్ల దాకా పనితనం లోపాలకు బిల్డర్ జవాబుదారీ. ఆయన వెంటనే ఫోన్ చేసేది మీకే. అందుకే టైల్స్ వేయకముందు ప్రెజర్ టెస్టు చేసి, గేజి ముల్లు కనిపించేలా తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు వాదన వస్తే మీ పక్షాన మాట్లాడేది ఆ ఫొటోనే.

ఇంటాయనకు భారత్ గృహ రక్షా పాలసీ ఉంటే పైపు పగిలి వచ్చిన నష్టం అందులో వస్తుంది, నిజమే. ఆయనకు చెల్లించిన కంపెనీ, తప్పు మీదని తేలితే ఆ సొమ్ము కోసం మీ మీదికి రావచ్చు.

అపోహ: "గోడౌన్‌కు ఫైర్ పాలసీ ఉంది, దొంగతనం కూడా అందులోనే."

వాస్తవం: చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీలో దొంగతనం ఉంది. కానీ అగ్నిప్రమాదం, వరద లాంటిది జరిగిన ఏడు రోజుల్లో, దాని కారణంగా జరిగిన దొంగతనానికే. మామూలు రాత్రి తాళం పగలగొట్టి ఇత్తడి ఫిట్టింగులు ఎత్తుకుపోతే బర్గ్లరీ పాలసీ విడిగా ఉండాలి. ఫైర్ పాలసీ వద్దనడం లేదు. 2023 జనవరిలో డెక్కన్ మాల్, మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్ తగలబడటం సికింద్రాబాద్ కళ్లారా చూసింది.

ఒక్క పనికి మాత్రం ఏ పాలసీ వెతకొద్దు: సెప్టిక్ ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో మనిషిని దింపడం. రక్షణ సాధనాలు లేకుండా దింపడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న చెప్పింది. కస్టమర్ పోయినా సరే, ఆ పని ఒప్పుకోకండి.

కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ తిరస్కరిస్తే చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఫిర్యాదుకు 155255. ఒక్కరే యజమానిగా నడిపే చిన్న వ్యాపారి 50 లక్షల లోపు వివాదంతో, ఏడాదిలోగా, ఫీజు లేకుండా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు.

రేపు రాణీగంజ్‌లో సామాను ఎత్తించే ముందు, మీ దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరి పేరు, వయసు, రోజు కూలి, ఎంత ఎత్తులో పని చేస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని పట్టుకుని బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్లండి. ప్రీమియం ఎంతో చెప్పడానికి వాళ్లు ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.