12 వోల్టుల మాయ

తాళం తిప్పగానే ట్యాంకు లోంచి రెండు మూడు సెకన్లు సన్నగా ‘జుయ్’మని వినిపించాలి. అది వినిపించకపోతే ధరూర్‌లోనైనా గద్వాలలోనైనా మొదట వచ్చే మాట ఒకటే: “పంపు పోయిందన్నా, కొత్తది ఎయ్యాలె.” చాలాసార్లు పంపుది తప్పే కాదు.

పాత స్ప్లెండర్‌కు ఈ బాధ లేదు. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద. పెట్రోలు దానంతటదే దిగుతుంది. దిగడం మానేస్తే ట్యాంకు మూత ఒకసారి తెరిచి చూడాలి. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే లోపల పీడనం తగ్గి పెట్రోలు ఆగిపోతుంది. ఇంజెక్షన్ బండి సంగతి వేరు. 2006లో గ్లామర్, 2007లో పల్సర్ 220 ఆ బాట పట్టాయి. పల్సర్ మాత్రం 2009లో మళ్లీ కార్బురేటర్‌కే వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చాక చాలా బండ్ల ట్యాంకుల్లోకి పంపు చేరింది. వాటిలో మొదటివి ఇప్పుడు పాతబడుతున్నాయి.

పంపంటే పెట్రోల్లో మునిగి తిరిగే చిన్న డీసీ మోటారు. దాని బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. మరి ట్యాంకు ఎందుకు పేలదు? గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉంటేనే అంటుకుంటుంది. మోటారు మునిగిన చోట గాలే ఉండదు; పైన ఆవిరి మామూలుగా అంతకంటే చిక్కగా ఉంటుంది. (అలాగని మూత తీసిన ట్యాంకు పక్కన ప్లగ్గు స్పార్కు చూడబోకండి. బయట ఆ పాళ్లు ఇట్టే కుదురుతాయి.) ఈ మోటారు సుమారు 3 బార్ల ఒత్తిడితో ఇంజెక్టర్‌కు పెట్రోలు తోయాలి. వోల్టేజి తగ్గితే వేగం పడిపోతుంది, ఒత్తిడీ పడిపోతుంది.

అసలు మోసం కొలతలో ఉంది. పంపు సాకెట్టు ఊడదీసి మల్టీమీటరు పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. సప్లై ఉంది కాబట్టి పంపే పోయిందని తేల్చేస్తారు. కానీ మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. కరెంటు పారనప్పుడు చిలుము పట్టిన జాయింటులోనైనా వోల్టేజి తగ్గదు. పంపు తగిలించాక 2 ఆంపియర్లు లాగిందనుకోండి, జాయింటు నిరోధం 1 ఓమ్ ఉంటే 2 వోల్టులు అక్కడే పోతాయి. బ్యాటరీ 12.4 ఇచ్చినా మోటారుకు అందేది 10.4. పైగా 4 వాట్లు వేడిగా మారి సాకెట్టు ప్లాస్టిక్కును గోధుమరంగులోకి మారుస్తాయి. ఆ మచ్చ కనిపిస్తే వెతుకులాట అయిపోయినట్టే.

అందుకే కరెంటు పారుతుండగా కొలవాలి. 21 వాట్ల బ్రేకు బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని పంపు తీగలకు కట్టి తాళం తిప్పితే ఆ రెండు మూడు సెకన్లూ నిండుగా వెలగాలి. అసలు వెలగకపోతే ఫ్యూజు, కిల్ స్విచ్చు, రిలే చూడాలి. మసకగా వెలిగితే జాయింట్లు, ముఖ్యంగా ఎర్త్. వానల్లో పత్తిచేల బాటల వెంట తిరిగొచ్చిన బండిని బోరు పైపుతో కడిగితే నీళ్లు దూరేది ఈ సాకెట్లలోకే.

బ్యాటరీ చూడకుండా ఇవన్నీ చేయడం వృథా. నిండుగా ఉంటే 12.6 వోల్టులు, ఇంజను రేజు చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టు. పెరగకపోతే అదైనా, కరెంటు పుట్టించే కాయిలైనా అనుమానించాలి. తీగచుట్ల దగ్గర అయస్కాంతం తిరిగితే కరెంటు పుడుతుంది. జూరాలలో కృష్ణ నీరు తిప్పే ఆరు 39 మెగావాట్ల యంత్రాలదీ అదే సూత్రం.

బల్బు నిండుగా వెలిగి, పంపు మాత్రం ఉలకకపోతే అప్పుడు మార్చాల్సిందే. కొత్తది వేసేముందు ట్యాంకు అడుగు కడిగించాలి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. నీళ్లు ఎక్కువగా చేరితే రెండూ కలిసి విడివడి అడుగున, పంపు పీల్చేచోటే, పేరుకుంటాయి. మోటారును చల్లబరిచేదీ పెట్రోలే కాబట్టి ఎండాకాలం రిజర్వులో తిప్పకుండా పావు ట్యాంకైనా ఉంచాలి.